"మీవాడికి కౌన్సెలింగ్ ఇచ్చాం" అంటే ఏం చేసినట్టు?

మన దగ్గర పిల్లలకి కౌన్సెలింగ్ అన్న మాట మొదట పరిచయమయ్యేది ఎంసెట్ ర్యాంకుతో. పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లల్లో ఇంకా ఎంసెట్టే. అక్కడ కౌన్సెలింగ్ అంటే స్లాట్ బుక్ చేసుకోవడం, సర్టిఫికెట్లు చూపించడం, వెబ్ ఆప్షన్లు పెట్టడం, సీటు ఎక్కడొచ్చిందో చూసుకోవడం. ఆన్‌లైన్ రాకముందు హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో సాంకేతిక విద్యాభవన్ దగ్గర తల్లిదండ్రులు ఫైళ్లు చంకలో పెట్టుకుని వరసల్లో నిలబడేవాళ్లు. టీచర్ల బదిలీలకీ కౌన్సెలింగే. పేపర్ తిరగేస్తే జిల్లా పేజీలో రౌడీషీటర్లకు కౌన్సెలింగ్ అని వార్త. తాగి బండి నడుపుతూ దొరికితే ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని గోషామహల్ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి కూర్చోవాలి, అదీ కౌన్సెలింగే. ఇక హాస్టల్లో ఉండి చదివే పిల్లల ఇళ్లకి వచ్చే ఫోన్ ఒకటుంది: "మీవాడికి మార్కులు తగ్గుతున్నాయి సార్. కౌన్సెలింగ్ ఇచ్చాం. మీరు కూడా ఒకసారి గట్టిగా చెప్పండి."

ఆ ఆఖరి వాక్యం విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఎందుకంటే "మీరు కూడా గట్టిగా చెప్పండి" అన్నారంటే ముందు వాళ్లు చేసిందేమిటో తెలిసిపోతోంది. వాళ్లూ గట్టిగా చెప్పారు. దానికి పెట్టిన పేరు కౌన్సెలింగ్.

ఇంగ్లిష్‌లో అడ్వైజ్ అని ఒక మాట, కౌన్సెల్ అని ఒక మాట ఉన్నాయి. నిఘంటువు తీస్తే రెండింటికీ సలహా చెప్పడమనే రాసి ఉంటుంది, అది తప్పేం కాదు కూడా. కోర్టుల్లో ఇప్పటికీ లాయర్ని కౌన్సెల్ అంటారు, ఆయన క్లయింటుకి చెప్పేది సలహానే. స్పెల్లింగ్ తేడాలు, కౌన్సిల్‌కీ కౌన్సెల్‌కీ మధ్య తికమక, ఇవన్నీ గ్రామర్ పుస్తకాల్లో దొరుకుతాయి, వాటి జోలికి నేను పోను. నా గొడవ ఈ రెండు మాటల వెనక ఉన్న పనుల గురించి. గత వందేళ్లలో ఆ రెండు పనులూ ఒకదాన్నుంచి ఒకటి పూర్తిగా విడిపోయాయి. అడ్వైజ్ చేసేవాడి దగ్గర జవాబు ఉంటుంది, దాన్ని అవతలివాడికి అందిస్తాడు. కౌన్సెలింగ్ చేసేవాడు జవాబు తన దగ్గర లేదన్న ఎరుకతో కూర్చుంటాడు, అవతలి మనిషికి అసలు ఏమవుతోందో ఆ మనిషే చూసుకోగలిగేలా పక్కనుంటాడు. మొదటిదాంట్లో ఎక్కువ మాట్లాడేది చెప్పేవాడు, రెండోదాంట్లో వచ్చినవాడు. మనం మొదటిదాన్నే, అదీ తిట్లు కలిపి, రెండోదాని పేరుతో పిల్లలకి అంటగడుతున్నాం.

సలహాని నేను తక్కువ చేయడం లేదు. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, ప్రతి వేసవిలో చుట్టాల పిల్లలూ నా స్టూడెంట్లూ ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఇంటికి వస్తారు. పోయిన వేసవిలో ఒకమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. ఆయన ఆటో నడుపుతారు. తెల్ల కాగితం మీద కాలేజీల కోడ్‌లు వరసగా రాసుకొచ్చారు, అన్నిటికంటే ఇష్టమైన కాలేజీని మాత్రం ఆరో నంబరులో పెట్టారు. ఎందుకండీ అంటే, "దానికి మా ర్యాంకు సరిపోదేమో సార్, మొదట్లో పెడితే ఆప్షన్ వేస్ట్ అయిపోతుంది కదా" అన్నారు. అలా ఏం కాదు. కంప్యూటర్ మన లిస్టుని పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది, పైది రాకపోతే కింది దానికి పోతుంది, కాబట్టి నిజంగా కావాల్సింది పైనే ఉండాలి. వస్తే చేరలేమనుకున్న కాలేజీని లిస్టులో పెట్టకూడదు. కిందటేడు ఆ కేటగిరీలో ఆ బ్రాంచికి ఆఖరి ర్యాంకు ఎంతో చూసుకోవాలి. తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకి పదివేల లోపు ర్యాంకుకీ ఆ పైన ర్యాంకుకీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో తేడా ఉంటుంది, దాన్ని బట్టి చేతి నుంచి ఎంత కట్టాలో ముందే లెక్కేసుకోవాలి. ఇవన్నీ ఆయనకి చెప్పాను, కాగితం మీద వరస మార్చి రాసుకుని వెళ్లారు.

అక్కడ ఆయనకి కావాల్సింది సమాచారం, అనుభవం ఉన్నవాడి మాట. ఆ పూట నేను ఎదురుగా కూర్చుని "ఈ ర్యాంకు గురించి మీకేమనిపిస్తోంది?" అని అడిగి ఊరుకుంటే అది దుర్మార్గం. బ్యాంకు లోన్, పొలం రిజిస్ట్రేషన్, ఏ మందు ఎప్పుడు వేసుకోవాలి, ఇవన్నీ సలహా పనులు. తెలిసినవాడు సూటిగా చెప్పాలి, ఆలస్యం చేయకుండా చెప్పాలి.

మరి కౌన్సెలింగ్ అన్న మాట దీనికి ఎందుకు పెట్టారంటే, దానికీ ఒక చరిత్ర ఉంది. 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన చదువు ముగించిన కుర్రాళ్లకి ఏ పని నప్పుతుందో తేల్చుకోవడానికి సాయం చేసే ఒక బ్యూరో పెట్టాడు. నీ సంగతి నువ్వు తెలుసుకో, ఉద్యోగాల సంగతి తెలుసుకో, రెండూ జత కుదురుతున్నాయో లేదో ఆలోచించు, ఇదీ ఆయన పద్ధతి. అదే ఏడాది ఆయన చనిపోయాడు కానీ పద్ధతి నిలిచింది, ఆ పని చేసేవాళ్లని కౌన్సెలర్లు అన్నారు. ఇది చాలావరకు సలహాకి దగ్గరగా ఉన్న పనే. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌కి ఆ వంశంలో ఎక్కడో దూరపు చుట్టరికం చెప్పుకోవచ్చు, అయితే మన దగ్గర ఆ ఆలోచించే భాగం పోయి సీటు పంచే భాగమే మిగిలింది.

ఆ మాటని పూర్తిగా ఇంకో వైపు తిప్పినవాడు కార్ల్ రోజర్స్. 1928 నుంచి పన్నెండేళ్లు న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పిల్లల సమస్యలు చూసే సంస్థలో సైకాలజిస్టుగా పనిచేశాడు. అప్పటి ఒక అనుభవాన్ని ఆయన తర్వాత రాసుకున్నాడు. అల్లరి శృతి మించిన ఒక కుర్రాడి తల్లి ఆయన దగ్గరికి వచ్చేది. చిన్నప్పటి నుంచీ ఆ తల్లి కొడుకుని దగ్గరికి తీయకపోవడమే అసలు సమస్య అని రోజర్స్‌కి అర్థమైంది. నెమ్మదిగా, ఓపిగ్గా, ఆమె చెప్పిన సంగతులనే జోడించి ఆమెకి ఆ విషయం ఎక్కించాలని చూశాడు. ఎన్నిసార్లు కూర్చున్నా ఆమెకి ఎక్కలేదు. చివరికి ఇద్దరూ ఇక లాభం లేదని ఒప్పుకుని, చేతులు కలిపి, సెలవు తీసుకున్నారు. ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, మీరు ఇక్కడ పెద్దవాళ్లకి కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది. చేస్తానన్నాడు. అయితే నాకు సాయం కావాలి అంటూ లేచిన కుర్చీలోనే మళ్లీ కూర్చుని తన కాపురం గురించి, భర్తతో పడుతున్న బాధ గురించి చెప్పడం మొదలుపెట్టింది. అంతకు ముందు ఆమె చెప్పిన కేసు వివరాలకీ దీనికీ పోలికే లేదు. అసలు పని అక్కడ మొదలైంది, కొడుకు సంగతి కూడా ఆ దారిలోనే కుదుటపడింది. ఎక్కడ నొప్పి ఉందో, ఏ దారిన పోవాలో వచ్చిన మనిషికే తెలుస్తుందని తనకి అర్థమవడం మొదలైంది ఆ రోజేనని రోజర్స్ అంటాడు.

ఇందులో నన్ను పట్టుకున్నది ఒక్క విషయం. రోజర్స్ ఆమెకి చెప్పాలనుకున్నది అబద్ధం కాదు. సరైనదే. సరైన మాటే, చదువుకున్న మనిషే, మర్యాదగానే చెప్పాడు. అయినా పని జరగలేదు. సలహా తప్పైనప్పుడు పనిచేయకపోవడం మనకి అర్థమవుతుంది. సలహా ఒప్పయి కూడా ఎందుకు పనిచేయదన్న దగ్గరే రెండు మాటల మధ్య తేడా అంతా ఉంది. అప్పట్లో అమెరికాలో సైకోథెరపీ డాక్టర్ల పని, సైకాలజిస్టులు ఆ పేరు వాడితే ఒప్పుకునేవాళ్లు కారు. కౌన్సెలింగ్ అన్న పాత మాటని రోజర్స్ తరం తమ పనికి తీసుకోవడానికి అదొక కారణం. పేషెంట్ అనడం మానేసి క్లయింట్ అన్నారు. 1940ల నుంచి ఈ అర్థమే చదువులోకి, వృత్తిలోకి ఎక్కింది.

ఇప్పుడు మన కాలేజీ గదిలోకి వద్దాం. మా అక్క కొడుకు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడు. పేరెంట్స్‌ని రమ్మన్నారు, బావ ఊళ్లో లేకపోతే అక్కతో నేను వెళ్లాను. డీన్ గది. టేబుల్ మీద వీకెండ్ టెస్టుల మార్కుల షీటు, తగ్గిన చోటల్లా ఎర్ర పెన్ను సున్నాలు. వాణ్ని గోడ పక్కన నిలబెట్టారు, మాకు కుర్చీలు వేశారు. "మీ అమ్మానాన్న ఎంత కష్టపడి ఫీజు కడుతున్నారో తెలుసా నీకు? ఏంట్రా నీ ప్రాబ్లమ్, చెప్పు" అన్నాడాయన. వాడు నోరు తెరిచేలోపే, "ప్రాబ్లమ్ ఉంటే చెప్పాలి, చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది? చూడు, నీ పక్క బెడ్ వాడికి అదే ఫుడ్డు, అదే లెక్చరర్, వాడికెలా వస్తున్నాయి?" అన్నాడు. ప్రశ్న వేస్తున్నాడు, జవాబు కోసం ఆగడం లేదు. చాలాసేపయ్యాక వాడు, "ఏం లేదు సార్, చదువుతాను" అన్నాడు. ఆ మాట కోసమే అందరూ చూస్తున్నట్టు గదిలో గాలి తేలికపడింది. రిజిస్టర్ తీసి, కౌన్సెలింగ్ అన్న గడిలో తేదీ వేసి వాడితో సంతకం పెట్టించారు, అక్కతోనూ పెట్టించారు.

ఆ డీన్ చెడ్డవాడని నేననను. ఆయన మీద పైవాళ్ల ఒత్తిడి ఎంతో నాకు తెలుసు, రిజల్ట్ తగ్గితే ముందు పోయేది ఆయన ఉద్యోగమే. చెప్పినవాటిలో అబద్ధమూ లేదు. ఫీజు కట్టడం కష్టమే, చదవాల్సిందీ వాడే. కానీ వాడికి తెలియని విషయం ఆ గదిలో ఒక్కటి కూడా ఎవరూ చెప్పలేదు. పదహారేళ్ల పిల్లాడికి వాళ్ల నాన్న కష్టం తెలియదా? రాత్రిళ్లు వాడికి నిద్ర పట్టనివ్వనిదే ఆ తెలివిడి. దాన్నే మళ్లీ తీసి వాడి నెత్తిన పెట్టి పంపారు.

ఔటింగ్ ఇప్పించి వాణ్ని ఇంటికి తీసుకొస్తుంటే బస్సులో వాడు కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. నేనేమీ అడగలేదు, నిజానికి ఏం అడగాలో నాకు తోచలేదు కూడా. బస్సు ఊరు దాటాక, "మామయ్యా, నా సెక్షన్ మార్చేశారు" అన్నాడు. ఊఁ అన్నాను. దసరా సెలవుల తర్వాత వాణ్ని కింది సెక్షన్‌లోకి దించారట, రోజూ పక్కన కూర్చుని చదువుకునే స్నేహితుడు పై సెక్షన్‌లోనే ఉండిపోయాడట. అప్పట్నుంచి నైట్ స్టడీ అవర్లో ఒకే లైను మళ్లీ మళ్లీ చదువుతున్నాడట, టెస్ట్ రోజు పొద్దున ఛాతీ పట్టేసినట్టుంటుందట, టిఫిన్ తింటే వాంతి వస్తోందట. మధ్యలో చాలాసేపు ఆగాడు. నేనూ ఆగాను. డీన్ గదిలో అందరం కలిసి రాబట్టలేనిది అలా బయటికొచ్చింది.

దాన్ని కౌన్సెలింగ్ అనను. నేను వాడి మేనమామని, నాకు ఆ చదువు లేదు. అది వినడం మాత్రమే. వినడం గొప్పదే కానీ వాంతుల దాకా వచ్చినదానికి అది చాలదు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లాం. అక్కడి సైకాలజిస్టు మా ఇద్దరినీ కాసేపు బయట కూర్చోమంది. తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచినప్పుడు వాడి ఎదుటే చెప్పింది, తను అడిగినవాటిలో ఒకటి చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని. అక్క ముఖం మాడిపోయింది. బయటికొచ్చాక, "పిల్లాడితో అలాంటి మాట ఎవరైనా అంటారా, లేని ఆలోచన పుట్టదా?" అని నా మీద పడింది. ఈ భయం ఆవిడ ఒక్కదానిదే కాదు, చాలామంది తల్లులది. కానీ సూటిగా, నెమ్మదిగా అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని ఆ రంగంలో పనిచేసేవాళ్లందరూ ఒప్పుకునే మాట. లోపల అదే ఉన్నవాడికైతే, ఈ మనిషి దగ్గర చెప్పొచ్చు అన్న ధైర్యం వస్తుంది. తర్వాత చాలాసార్లు వెళ్లాడు. ఆ సైకాలజిస్టు ఫలానా కాలేజీ మార్చు, ఫలానా టైమ్‌టేబుల్ వేసుకో అని ఒక్కసారీ చెప్పలేదని వాడు ఆశ్చర్యంగా అనేవాడు. సెకండియర్ హాస్టల్లో ఉండనని, ఇంటి నుంచి వెళ్లొస్తానని తేల్చింది వాడే. అది చెప్పేటప్పుడు వాడి గొంతులో "చదువుతాను సార్" అన్నప్పటి ఆ చచ్చుదనం లేదు.

ఎవరైనా అనొచ్చు, అంటే సలహా దండగ, వినడమే గొప్ప అంటావా అని. లేదు. ఈ రెండూ ఒకదానికొకటి ఎలా అవసరమో చాద్ వారా అనే ఆయన జీవితంలో ఉంది. ఇంగ్లండ్‌లో ఆయన చర్చి ఫాదరు. 1935లో లింకన్‌లో, ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, పద్నాలుగేళ్ల అమ్మాయి అంత్యక్రియలు చేయాల్సి వచ్చింది. ఆ పిల్లకి నెలసరి మొదలైంది. అదేమిటో చెప్పేవాళ్లు లేరు, ఏదో చెడ్డ రోగం వచ్చిందనుకుని ప్రాణం తీసుకుంది. ఆ పిల్లకి కావాల్సింది ఒక్క వాక్యం సమాచారం. ఇంట్లో ఏ ఆడమనిషి దగ్గరైనా ఉండే వాక్యమే. కానీ అది ఆ పిల్లని చేరాలంటే ముందు ఆ పిల్ల భయపడకుండా అడగగలిగే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి లేరు. ఎంత మంచి సలహా అయినా అవతలి మనిషి నోరు తెరిచి అడిగాకే చేరుతుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు బాధగానే ఉంది.

1953 నవంబరులో వారా లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో, ప్రాణం తీసుకోవాలనుకుంటున్నవాళ్లు ఫోన్ చేయడానికి ఒక నంబరు పెట్టాడు. మనుషులు నేరుగా కూడా రావడం మొదలుపెట్టారు. కౌన్సెలింగ్ చేసేది తనే కదా అని, ఆయన తీరిక అయ్యేదాకా వచ్చినవాళ్లకి తోడుగా ఉండి టీ ఇవ్వడానికి కొందరు మామూలు వలంటీర్లని కూర్చోబెట్టాడు. కొన్నాళ్లకి ఆయన గమనించింది ఏమిటంటే, చాలామంది ఆ బయటి గదిలోనే వలంటీర్లతో మాట్లాడుకుని, ఇక ఆయన్ని కలవాల్సిన అవసరం లేదని వెళ్లిపోతున్నారు. కొన్ని నెలల్లోనే పనంతా వలంటీర్ల చేతికి ఇచ్చేశాడు. అదే సమారిటన్స్ సంస్థ. ఆ దారిలోనే 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్నేహ అనే సంస్థ పెట్టారు, సికింద్రాబాద్‌లో రోష్ని అనే సంస్థ ఉంది.

అమెరికా వెళ్లిన మన పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఈ రెండు మాటల తేడా తెలియకపోవడం వల్ల వాళ్లకి జరిగే నష్టం చాలా పెద్దది కాబట్టి. అక్కడి యూనివర్సిటీలో అడ్వైజర్ ఒక గదిలో ఉంటారు, కౌన్సెలింగ్ సెంటర్ ఇంకో బిల్డింగులో ఉంటుంది. అకడమిక్ అడ్వైజర్ ఏ కోర్సులు, ఎన్ని క్రెడిట్లు అని చెప్తారు. ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో ఉండే డీఎస్ఓ వీసా నిబంధనలు చూస్తారు. కౌన్సెలింగ్ సెంటర్‌లో సైకాలజిస్టులు ఉంటారు, అక్కడ చెప్పుకున్నది మార్కుల ట్రాన్స్‌స్క్రిప్ట్‌లోకి ఎక్కదు, ప్రొఫెసర్‌కి పోదు. మన పిల్లలు అడ్వైజర్ దగ్గరికి ఇబ్బంది లేకుండా వెళ్తారు. రెండోదానికి మాత్రం, వెళ్తే వీసా పోతుందేమో, రికార్డులో పడుతుందేమో, ఇంట్లో తెలిస్తే ఏమనుకుంటారో అని వెళ్లరు. డల్లాస్‌లో ఉన్న నా పాత స్టూడెంట్ ఒకతను ఫోన్‌లో ఇదే మాట అన్నాడు, "కౌన్సెలింగ్ అంటే ఏదో తప్పు చేసినవాళ్లకి కదా సార్" అని. రౌడీషీటర్ల వార్తలు, డీన్ గదులు చూసి పెరిగినవాడు అలా కాక ఇంకెలా అనుకుంటాడు?

నిజానికి నిబంధన సరిగ్గా దీనికి ఎదురుగా ఉంది. ఎఫ్-1 వీసా మీద చదివేవాడు ఎవరికీ చెప్పకుండా క్లాసులు వదిలేసి, నిండుగా ఉండాల్సిన క్రెడిట్ల కంటే కిందికి పడిపోతే స్టేటస్ పోతుంది. అదే మనిషి డిప్రెషన్‌తో బాధపడుతున్నాడని లైసెన్సున్న డాక్టరో సైకాలజిస్టో రాసిస్తే, దాన్ని ముందుగా డీఎస్ఓకి చూపిస్తే, కోర్సులు తగ్గించుకోవడానికి, అవసరమైతే ఆ టర్మ్‌కి ఏమీ తీసుకోకుండా ఉండడానికి కూడా అనుమతి ఇవ్వొచ్చు. ఒక డిగ్రీ స్థాయికి మొత్తం పన్నెండు నెలల వరకు ఆ వెసులుబాటు ఉంటుంది. అంటే వీసా నిలబడడానికి ముందు కౌన్సెలింగ్ గది, తర్వాత అడ్వైజర్ గది, రెండూ కావాలి. దాచుకున్నవాడు రెండూ పోగొట్టుకుంటాడు. పిల్లల్ని పంపే తల్లిదండ్రులు బ్యాంకు బ్యాలెన్సు గురించి, ఐ-20 గురించి ఎంత ఆరా తీస్తారో దీని గురించీ అంత తెలుసుకుని పంపాలని నా గట్టి కోరిక.

మళ్లీ మన ఊళ్లకొస్తే, పరిస్థితి కొంచెమైనా మారే అవకాశం ఇప్పుడే వచ్చింది. 2023లో విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులై 25న కోర్టు దర్యాప్తుని సీబీఐకి ఇవ్వడంతో పాటు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం, మోయలేని టార్గెట్లు పెట్టడం మానాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. కోర్టు మాట్లాడింది ఆ సంఖ్య ముందు నిలబడే.

నా భయమల్లా ఒకటే. ఈ ఉత్తర్వు కాగితం మీద అమలు చేయడం మన కాలేజీలకి చాలా తేలిక. ఉన్న డీన్‌కో వైస్ ప్రిన్సిపాల్‌కో కౌన్సెలర్ అన్న బోర్డు తగిలిస్తే చాలు, ఎలాగూ "కౌన్సెలింగ్ ఇస్తున్నాం" అనే కదా ఇన్నాళ్లూ అంటున్నది. ఆ మాటకి మనమంతా కలిసి ఇచ్చిన అర్థమే వాళ్లకి అడ్డం పెట్టుకోవడానికి పనికొస్తుంది. అందుకే ఈ తేడా భాషాభిమానుల గొడవగా నాకు కనపడదు. సెక్షన్ మార్చే అధికారం ఉన్నవాడు, ఇంటికి ఫోన్ చేసే అధికారం ఉన్నవాడు కౌన్సెలర్ కాలేడు, ఎంత మంచివాడైనా సరే. నేను కూడా కాలేను. ప్రాక్టికల్ రికార్డు మీద సంతకం పెట్టేది నేను, నా ముందు ఏ పిల్లాడు పూర్తిగా నోరు విప్పుతాడు? నేను చేయగలిగింది గమనించడం, పలకరించడం, కూర్చోబెట్టి వినడం, అవసరమైతే సరైన చోటికి పంపడం. అది చిన్న పనేం కాదు, కానీ దాని పేరు వేరు. చెప్పుకున్నది దాటిపోదన్న నమ్మకం కౌన్సెలింగ్‌కి ప్రాణం. ప్రాణానికి ముప్పుందని తెలిస్తే కౌన్సెలర్ ఇంట్లోవాళ్లకి చెప్పక తప్పదు, ఆ సంగతి కూడా మొదటి రోజే పిల్లాడికి చెప్తారు. మిగతాది అక్కడే ఉండాలి.

"మా కాలంలో ఈ కౌన్సెలింగులు ఉన్నాయా, మేం చదువుకోలేదా" అని మా స్టాఫ్ రూంలోనే అంటుంటారు. ఆ కాలంలో పదిహేనేళ్ల పిల్లాడు సాయంత్రానికి ఇంటికి చేరేవాడు. తిట్టే నాన్న ఉంటే పక్కనే అన్నం కలిపి పెట్టే నానమ్మ ఉండేది, చెరువు గట్టు మీద కూర్చుని ఏదైనా చెప్పుకోవడానికి ఈడు పిల్లలు ఉండేవాళ్లు. అప్పుడూ పోయినవాళ్లు పోయారు, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు, అంతే. ఇప్పుడు టెన్త్ అయిన నెలకే పిల్లల్ని ఊరు దాటించి, పొద్దున్నుంచి రాత్రి దాకా తరగతి గదిలో ఉంచి, వారానికోసారి ఫోన్ ఇచ్చి, ఆ ఫోన్‌లో కూడా "ఈ వారం ఎంతొచ్చింది" అని అడుగుతున్నాం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని సామెత ఊరికే రాలేదు. ఇంట్లో చెప్పేవాళ్లే, కాలేజీలో చెప్పేవాళ్లే, యూట్యూబ్‌లో మోటివేషన్ పేరుతో చెప్పేవాళ్లే. ఆ పిల్లలు రోజంతా వినేవాళ్లుగానే ఉన్నారు.

హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరుని తిట్టుగా వాడడం మానేయాలి, ముందు ఇళ్లల్లో. ఆసుపత్రి పేరే వెక్కిరింత అయిన ఊళ్లో ఏ పిల్లాడు నన్ను తీసుకెళ్లండి అని అడుగుతాడు? వెళ్లడానికి మొహమాటమైతే టెలీ మానస్ అనే హెల్ప్‌లైన్ ఉంది, కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. 14416కి చేస్తే ఇరవై నాలుగు గంటలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. మీకోసమే చేయక్కర్లేదు, ఇంట్లో పిల్లాడి తీరు చూసి ఏం చేయాలో తోచకపోతే మీరు చేసి అడగొచ్చు. ఈ నంబరు హాస్టల్లో ఉన్న మీ పిల్లల నోటుపుస్తకం వెనక అట్ట మీద రాసి పంపండి.

టెన్త్ పరీక్షలు కూడా కాకముందే కాలేజీల పీఆర్వోలు ఇళ్లకి వస్తుంటారు, ర్యాంకుల ఫొటోలున్న బ్రోచర్ ఇచ్చి, ఇప్పుడే కడితే ఫీజులో ఇంత తగ్గిస్తాం అంటారు. ఈసారి వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడగండి. మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరు, ఏం చదువుకున్నారు, ఏ గదిలో కూర్చుంటారు, మావాడు ఆ గదికి వెళ్లాలంటే వార్డెన్ పర్మిషన్ కావాలా, అక్కడ చెప్పింది డీన్‌కి తెలుస్తుందా, మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారా అని. జవాబులు నోటిమాటగా వద్దు, కాగితం మీద రాసివ్వమనండి.